అడా లవ్‌లేస్

ఆంగ్ల మహాకవి బైరన్ కుమార్తె అడా 1815 డిసెంబరు 10న లండన్‌లో జన్మించినది. నెల దాటిన కొద్ది దినములకే తల్లిదండ్రులు విడిపోయిరి. బిడ్డకు కవితావేశము సోకరాదని తల్లి గణితము చెప్పించినది.

1833లో ఆమెకు చార్లెస్ బాబేజ్ పరిచయమయ్యెను. ఆయన సంకల్పించిన గణనయంత్రముపై మెనాబ్రియా ఫ్రెంచిలో వ్రాసిన వ్యాసమును 1843లో ఆంగ్లీకరించి, మూలమునకు దాదాపు మూడు రెట్ల వ్యాఖ్యానము చేర్చినది.

అందలి బెర్నౌలీ సంఖ్యల పట్టికలో 25 క్రియలున్నవి. సంఖ్యలను నిలువయుంచు స్తంభములలో ప్రతి క్రియ వేటినుండి విలువలు గ్రహించునో, ఫలితమును దేనికి అప్పగించునో, ఇచ్చిన స్తంభమున పాత విలువ నిలుచునో మారునో విడివిడిగా చూపబడినవి. ఒక ఫంక్షన్‌నుండి మరొకదానికి విలువను పంపునపుడు నేటి విద్యార్థి తడబడునది సరిగా ఇచ్చటనే: పంపినది నకలా, అసలు స్థానమా? క్రమమునూ మరువరాదు. అచ్చయిన ఆ పట్టికలోనే నాల్గవ క్రియలో భాజ్యభాజకములు తారుమారైనవి! విలువలు రెండూ సరియైనవే. అందిన వరుసయే తప్పు.

బాబేజ్ యంత్రము పూర్తి కాలేదు. 1852 నవంబరు 27న, 36 సంవత్సరముల వయస్సున, అడా మరణించినది. ఎన్నడూ ఎరుగని తండ్రి ప్రక్కనే, తన కోరిక ప్రకారము, హక్‌నాల్ చర్చిలో ఖననము చేయబడినది.