అలెగ్జాండర్ కొవలేవ్‌స్కీ

రష్యాదేశమున 1840లో జన్మించిన కొవలేవ్‌స్కీ ఇంజనీరింగు చదువు విడిచి జంతుశాస్త్రమున ప్రవేశించెను. 1864లో నేపుల్సు నగరమునకేగి సముద్రజీవులగు ఆసిడియనులను పరిశీలించెను. రాతి నంటుకొని, తోలుసంచివలె నుండి, నీరు చిమ్ము ఈ జీవులను నాటి పండితులు నత్తలు, ఆల్చిప్పల దరిని చేర్చియుండిరి. వాని పిల్ల మాత్రము కప్పపిల్లవలె తోకతో నీదును. ఆ తోకలోని మెత్తని కడ్డీ పృష్ఠవంశమేయని 1866లో ఆయన ప్రకటించెను. పిల్ల రాతి నంటుకొనగానే తోకయు, కడ్డీయు కరగిపోవును! చేపకు, కోడికి, మనకును గర్భదశయందు మొదట నేర్పడునది యీ కడ్డీయే. పిదప వెన్నుపూసలు దాని చోటు నాక్రమించును. పూసల నడుమ గుజ్జులో దాని శేషము మిగులును.

పిండశాస్త్రమునకు పెద్దదిక్కయిన బేయరు పండితుడే దీనిని ఖండించెను. కొవలేవ్‌స్కీ పరిశోధన మానలేదు. డార్విను 1871లో తన గ్రంథమున దీనిని గ్రహించెను. కొవలేవ్‌స్కీ 1901లో మరణించెను.