చెప్పులు కుట్టే ఇంటి నుండి వచ్చిన శాస్త్రవేత్త లియో బేక్‌లాండ్

బెల్జియం దేశంలోని ఘెంట్ నగరంలో 1863 నవంబరు 14న లియో బేక్‌లాండ్ జన్మించారు. తండ్రి చెప్పులు కుట్టేవారు. తల్లి ఇళ్ళలో పనిచేసేవారు. కొడుకు తన పనే నేర్చుకోవాలని తండ్రి కోరిక. తల్లి మాత్రం పట్టుబట్టి చదివించారు. నగరం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో ఆయన విశ్వవిద్యాలయంలో చేరి, 1884లో రసాయన శాస్త్రంలో డాక్టరేట్ పొందారు. స్కాలర్‌షిప్ విలువ మాకు తెలుసు కనుక ఈ మాట ముందుగా చెబుతున్నాం.

1889లో ఆయన అమెరికా వెళ్ళారు. అక్కడ తయారుచేసిన 'వెలాక్స్' ఫోటో కాగితం హక్కులను 1899లో ఈస్ట్‌మన్ కొన్నారు. ఆ డబ్బుతో ఇంటివద్దే ప్రయోగశాల కట్టుకున్నారు.

ఆ రోజుల్లో విద్యుత్ పరికరాలకు లక్క వాడేవారు. అది ఎక్కువగా మన దేశం నుండే వెళ్ళేది. దానికి బదులుగా మరొకటి కావాలని ఆయన వెతికారు. ఫినాల్, ఫార్మాల్డిహైడ్ కలిస్తే జిగట ముద్ద వస్తుందని అప్పటికే తెలుసు. గిన్నెకు అంటుకుంటుందని ఇతరులు దాన్ని పారేసేవారు. ఆయన వేడినీ, ఒత్తిడినీ అదుపులో ఉంచి, 1907లో దాన్ని గట్టి పదార్థంగా మార్చారు. అదే బేకలైట్. ఒకసారి గట్టిపడితే మళ్ళీ కరగదు. కుక్కర్ పిడి, స్విచ్‌ల రూపంలో మనమంతా చూసినదే.

అయితే వట్టి బేకలైట్ పెళుసు. చెక్కపొడి, గుడ్డ వంటివి కలిపితే బలం వస్తుంది. నేటి నారతో బలపరచిన ప్లాస్టిక్‌లలోనూ ఉన్నది ఈ సూత్రమే. వీటికి శత్రువు వేగంగా వచ్చి తగిలే గట్టి రేణువులు. అవి ముందు రెజిన్‌ను చెక్కేస్తాయి. అండ పోయిన నారలు తర్వాత విరుగుతాయి.

మన శ్రీహరికోట నుండి ఎగిరే పి.ఎస్.ఎల్.వి. మొదటి దశలో ఘన ఇంధనం ఉంటుంది. అందులోని అల్యూమినియం పొడి మండి అల్యూమినా రేణువులుగా మారి, మంటతోపాటు నాజిల్ గుండా దూసుకుపోతుంది. ఆ దెబ్బకు లోహం నిలవదు. అందుకే లోపల కార్బన్ నార, ఫినాలిక్ రెజిన్ కలిపిన పొర వేస్తారు. పొర కాలుతూ, అరుగుతూనే లోహాన్ని కాపాడుతుంది. ఎంత అరుగుతుందో ముందే లెక్కగట్టి అంత మందం ఉంచుతారు. ఆ ఫినాలిక్ రెజిన్ బేకలైట్ వంశానిదే.

బేక్‌లాండ్ 1924లో అమెరికన్ కెమికల్ సొసైటీ అధ్యక్షులయ్యారు. 1944 ఫిబ్రవరి 23న మరణించారు.

మిత్రులారా! ఇతరులు పారేసిన ముద్దలోనే ఆయనకు దారి దొరికింది. చెప్పులు కుట్టే ఇంటి బిడ్డకు ఒక తల్లి పట్టుదల, ఒక స్కాలర్‌షిప్ అందితే లోకానికి ఎంత మేలు జరిగిందో చూడండి. మనకు అందిన చదువును కూడా అలాగే నిలబెట్టుకుందాం.