ఆల్మన్ స్ట్రోజరు చరిత్రము

పేరులోనే గిలకను దాల్చిన మన గిలకలదిండి బాలబాలికలకు టెలిఫోను గిలక, అనగా అంకెలచక్రము, నేడు అపరిచితవస్తువు. పాత టెలిఫోనులలో వినవచ్చు చప్పుడుల కర్థమేమని మమ్మడిగిన విద్యార్థుల నిమిత్తమై, ఆ పద్ధతికి మూలపురుషుడగు ఆల్మన్ స్ట్రోజరు చరిత్రమును సంగ్రహముగా వ్రాయుచున్నాము.

ఈయన 1839వ సంవత్సరమున అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమందు పెన్‌ఫీల్డున జన్మించెను. అంతర్యుద్ధమున అశ్వికదళమునందు పనిచేసి, కొంతకాలము ఉపాధ్యాయుడై, తుదకు కాన్సాస్ సిటీలో శవసంస్కారముల నేర్పాటుచేయు వృత్తియందు కుదురుకొనెను. ఆ కాలమున టెలిఫోనెత్తినవారిని ఎక్స్ఛేంజిలోని మనిషి పలుకరించి, కోరినవారితో తీగ కలుపవలసియుండెను. పోటీదారుని భార్యయే ఆ స్థానమున గూర్చుండి, తనకు రావలసిన పిలుపులను మగనివైపు మరల్చుచున్నదని స్ట్రోజరు తలచెనని చెప్పుదురు. కూటికే యెసరు వచ్చినపుడు జగడమాడువారే పెక్కండ్రు. ఈయన మధ్యవర్తి యక్కరలేని యంత్రమును కల్పించెను. 1891 మార్చి 10వ తేదీన దానికి పేటెంటు లభించెను. 1892 నవంబరు 3వ తేదీన ఇండియానాలోని లాపోర్టు పట్టణమున ఆ పద్ధతిని తొలి ఎక్స్ఛేంజి తెరువబడెను. అప్పుడు మీటలు నొక్కవలసియుండెను. అంకెలచక్రము 1896లో ఆయన సహచరులు చేసినది.

మనిషి తొలగగానే మాటయు తొలగెను. ఆ లోటును తరువాతి ఇంజనీర్లు ధ్వనులచే దీర్చిరి. రిసీవరెత్తగానే తెంపులేని నాదము వినవచ్చినచో, ఎక్స్ఛేంజి మన అంకెలకై వేచియున్నదని యర్థము. తొందరపడి ముందే త్రిప్పినచో మొదటి యంకె నష్టమై పిలుపు దారితప్పును. చక్రమును త్రిప్పి విడిచినపుడు, అది వెనుకకు మరలుచు విద్యుత్ప్రవాహమును సెకనుకు సుమారు పదిసారులు త్రెంచును. ఐదునకు ఐదు త్రెంపులు, సున్నకు పది. తుది రెండంకెలకు ఎక్స్ఛేంజిలోని కడ్డీ యొకటి మొదట అన్ని మెట్లు పైకెక్కి, పిమ్మట అన్ని యడుగులు ప్రక్కకు జరిగి, నూరు తీగలలో మనము కోరినదానిని తాకును. అటుపై రెండేసి మ్రోతలు, నడుమ విరామము వినబడిన, అవతలియింట గంట మ్రోగుచున్నదన్నమాట. అయినను మనము వినునది ఆ గంట కాదు; ఎక్స్ఛేంజి మనకై పంపు వేరొక ధ్వని. పొట్టిపొట్టి ధ్వనులు సమముగా వచ్చుచుండిన, అవతలివారు వేరొకరితో మాటలాడుచున్నారు.

స్ట్రోజరు 1896లో తన పేటెంట్లను 1,800 డాలర్లకును, 1898లో కంపెనీ వాటాను 10,000 డాలర్లకును అమ్మివేసి, 1902లో ఫ్లోరిడాయందు మరణించెను. 1916లో ఆ పేటెంట్ల వెల 25 లక్షల డాలర్లు!

మన దేశమున తొలి స్వయంచాలక ఎక్స్ఛేంజి 1913-14లో సిమ్లాయందు నెలకొనెను. ఎలక్ట్రానిక్ ఎక్స్ఛేంజీలు వచ్చి ఆ కడ్డీలను తొలగించినవి గాని, జంటమ్రోతయు పొట్టిధ్వనులును మన సెల్‌ఫోనులలో నేటికిని వినబడుచున్నవి.