పుస్తకపు అంచున నిలిచిన ఫెర్మా

పియెర్ ద ఫెర్మా వృత్తిచే న్యాయాధికారి. ఫ్రాన్సు దేశపు దక్షిణ భాగమున బోమోం అను చిన్న పట్టణమందు తోళ్ల వర్తకుని యింట జన్మించి, 1631లో తులూజ్ నగరపు ఉన్నత న్యాయస్థానమున చేరెను. 1653లో ఆయన ప్లేగు వలన మరణించెనని వార్త పుట్టెను గాని, అది నిజము గాదయ్యెను. న్యాయవిచారణకై వెళ్లిన కాస్త్ర్ పట్టణమున 1665 జనవరి 12న కన్నుమూసెను.

గణితము ఆయనకు తీరిక వేళల వ్యాసంగము. పూర్వము అలెగ్జాండ్రియా నగరమున డయోఫాంటస్ అను గణితవేత్త గ్రీకు భాషలో సంఖ్యలను గూర్చి గొప్ప గ్రంథము రచించియుండెను. బాషే అను పండితుడు దాని మూలమునకు లాటిన్ అనువాదమును, వ్యాఖ్యను జతపరచి 1621లో పారిస్ నగరమున అచ్చొత్తించెను. గ్రీకు మూలము అచ్చునకెక్కుట అదియే ప్రథమము. ఆ పుస్తకమును ఫెర్మా సంపాదించి, చదువుచు, తనకు తోచినదెల్ల పుటల అంచులందు వ్రాసికొనెను. గ్రంథాలయ పుస్తకములపై వ్రాయుట తప్పే. ఆయన వ్రాసినది సొంత ప్రతిపైన!

అందొకచోట ఒక వర్గమును రెండు వర్గములుగా విభజించు లెక్క గలదు. 25ను 16, 9 అని విభజించుట వంటిది. దాని ప్రక్కన ఫెర్మా, ఘనములను గాని, నాల్గవ ఘాతమును గాని, అంతకు పైవానిని గాని ఇట్లు విభజింప సాధ్యము గాదనియు, తనకు చక్కని నిరూపణ దొరికినదనియు, దానికి ఆ అంచు చాలదనియు వ్రాసెను.

జీవించియుండగా ఆయన తన పరిశోధనలలో దాదాపుగా దేనిని అచ్చువేయింపలేదు. స్నేహితులకు ఉత్తరములు వ్రాయుటతో తృప్తిపడెను. మరణానంతరము కుమారుడు సామ్యుయెల్ తండ్రి వ్రాతలను ఓపికతో సేకరించి, 1670లో తులూజ్ నగరమున బాషే గ్రంథమును మరల ముద్రింపించి, తండ్రి వ్రాసిన 48 టిప్పణములను వాని వాని స్థానములందు చేర్చెను. తండ్రికి ఇంతకంటె మంచి తర్పణము వేరొకటి యుండునా? ఫెర్మా చేతివ్రాతతో నున్న ఆ ప్రతి తరువాత కనబడకుండ పోయెను. కుమారుడు అచ్చొత్తింపకున్న ఆ ప్రశ్నయు దానితోనే పోయియుండెడిది.

నాల్గవ ఘాతమునకు వలసిన నిరూపణ ఫెర్మా వ్రాసిన మరియొక టిప్పణమందే గలదు. ఘనముల సంగతిని ఆయిలర్ పదునెనిమిదవ శతాబ్దమున సాధింపబూనెను. తక్కినదంతయు తీరుటకు 1994 వరకు పట్టెను. ఆంగ్లేయుడగు ఆండ్రూ వైల్స్ ఆ ఏట తన నిరూపణమందలి లోపమును సరిదిద్ది, 1995లో ప్రకటించెను. అందు వాడిన పద్ధతులు ఫెర్మా కాలమున లేవు. కావున ఫెర్మా పొరబడియుండునని పలువురు తలంతురు. నాకును అట్లే తోచుచున్నది. తరువాతి ఉత్తరములందు ఆయన ఘనములను, నాల్గవ ఘాతమును గూర్చియే ఇతరులను ప్రశ్నించెను గాని, అంచున వ్రాసిన ఆ పెద్ద మాటను మరల ఎత్తలేదు.