ఉప్పువంటి ఒక ఔషధము: డాక్టరు జాన్ కేడ్ జీవితము



మా సంఘములోని ఒక చిన్నవాడు హైదరాబాదులో, తార్నాకలో గది తీసికొని, ఉస్మానియా విశ్వవిద్యాలయములో చదువుకొనుచున్నాడు. రెండేండ్ల క్రిందట అతడు వారము దినములు నిద్రలేక, రాత్రివేళ ఆర్ట్సు కాలేజీ మెట్లమీద నిలిచి, లోకమంతటిని తానొక్కడే మార్చెదనని కనబడినవారికెల్ల చెప్పుచుండెను. అప్పుచేసి అక్కరలేని వస్తువులు కొనెను. తరువాత రెండు నెలలు మంచము దిగలేదు. వైద్యులు దానిని బైపోలార్ వ్యాధి అనిరి. లిథియము మాత్రలు వ్రాసియిచ్చిరి. క్రిస్మసుకు ఊరికి వచ్చినప్పుడు మేము అతని తలమీద చేతులుంచి ప్రార్థించితిమి. అంతటితో ఊరకుండక, మాత్రలు ఇక అక్కరలేదంటిమి. అతడు మా మాట నమ్మెను. శ్రమకాల దినములు ముగియకముందే వ్యాధి తిరుగబెట్టెను. ఆ మాత్ర సంగతి ఏమియు ఎరుగకయే మానుమంటిమి గనుక, దానిని కనుగొనిన వాని జీవితము తెలిసికొని ఇక్కడ వ్రాయుచున్నాము.

జాన్ కేడ్ 1912వ సంవత్సరము జనవరి 18న ఆస్ట్రేలియా దేశములో ముర్టోవా అను చిన్న ఊరిలో పుట్టెను. తండ్రియు వైద్యుడే. ఆయన మొదటి ప్రపంచయుద్ధమునుండి అలసిన మనస్సుతో ఇల్లు చేరి, తరువాత పిచ్చాసుపత్రులలో ఉద్యోగము చేసెను. కుటుంబము ఆసుపత్రి ఆవరణములోనే కాపురముండెను గనుక పిల్లవాడు రోగుల నడుమనే పెరిగెను. మన హైదరాబాదులో ఎర్రగడ్డ పేరెత్తి జనులు ఎగతాళి చేయుదురు; ఆ పిల్లవానికి అట్టివారు ఇరుగుపొరుగు మనుష్యులు.

అతడు మెల్బోర్ను విశ్వవిద్యాలయములో వైద్యము చదివెను. కఠినమైన న్యుమోనియాతో పడియున్నప్పుడు పరిచయమైన నర్సునే 1937లో పెండ్లి చేసికొనెను. యుద్ధములో సైన్యవైద్యుడుగా సింగపూరు వెళ్లి, 1942లో జపానువారి చేత చిక్కి, మూడేండ్లకు పైగా చాంగీ చెరలో ఉండెను. అక్కడ మనస్సు చెదరిన ఖైదీలను చూచి, మనోవ్యాధులు కొన్ని శరీరములోని లోపముచేతనే కలుగునని తలంచసాగెను.

విడుదలయైన తరువాత బుండూరా ఆసుపత్రిలో చేరెను. ప్రయోగశాల లేదు, వాడుకలేని ఒక వంటగది దొరికెను. ఉన్మాదముగల రోగుల మూత్రమును ఇంటి ఫ్రిజ్‌లో దాచియుంచి, దానిని గినీ పందులకు ఎక్కించి చూచెడివాడు. ఆ ఇల్లాలి ఓర్పునుగూర్చి వేరొక వ్యాసము వ్రాయవచ్చును! యూరిక్ ఆమ్లము నీటిలో కరుగుటకై దానిని లిథియముతో కలిపెను. చిత్రమేమనగా, ఆ జంతువులు నెమ్మదిగా పడియుండెను. అది మందు విషమువలన కలిగిన మత్తు కావచ్చునని తరువాతివారు చెప్పిరి. అనుమానించిన దారి తప్పైనను చేరిన ఊరు సరియైనదే.

లిథియము రాతిలోను ఉప్పునీటిలోను దొరకు లోహము. దాని లవణమే ఈ మందు. కేడ్ మొదట తానే మింగి చూచెను. 1948 మార్చి 29న, అయిదేండ్లుగా ఉన్మాదముతో అల్లరి చేయుచున్న 51 ఏండ్ల మనిషికి ఇచ్చెను. కొన్ని వారములలో అతడు నెమ్మదించెను. జూలైలో ఇల్లు చేరి పాత పనిలో ప్రవేశించెను. అయితే బాగుపడితిని గదా యని మందు మానెను. ఆరు నెలలకే మరల ఆసుపత్రికి తేబడెను. ఇది చదివినప్పుడు మేము పుస్తకము మూసి కొంతసేపు ఊరకుంటిమి. అతనికి మానుమని చెప్పిన పాదిరి ఎవరును లేరు. మా చిన్నవానికి మేముంటిమి.

ఉన్మాదముగల పదిమందియు బాగుపడిన సంగతిని కేడ్ 1949 సెప్టెంబరు 3న ఆస్ట్రేలియా వైద్యపత్రికలో ప్రకటించెను. అయితే 1950లో ఆ మొదటి రోగియే లిథియము ఎక్కువై విషమించి చనిపోయెను. కేడ్ మిక్కిలి కలతచెంది, కొంతకాలము ఆ మందు వాడుకయే ఆపెను. తరువాత మెల్బోర్ను పరిశోధకులు రక్తములో దాని మోతాదును కొలుచు పద్ధతి చూపిరి. డెన్మార్కులో మోగెన్స్ షౌ 1954లో దాని గుణమును స్థిరపరచెను. అమెరికా ప్రభుత్వము 1970లో గాని ఒప్పుకొనలేదు. కేడ్ 1952నుండి 1977వరకు రాయల్ పార్కు ఆసుపత్రిని నడిపి, 1980 నవంబరు 16న కన్నుమూసెను.

ఈ మందునకును విషమునకును నడుమ దూరము కొంచెమే. అందుచేత రాత్రి మాత్ర వేసికొనిన పండ్రెండు గంటలకు రక్తము తీసి చూచెదరు; మూత్రపిండములను, థైరాయిడును అప్పుడప్పుడు పరీక్షించెదరు. వాంతులు, విరేచనములు, ఎండదెబ్బ తగిలి ఒంటిలో నీరు, ఉప్పు తగ్గినయెడల రక్తములో మందు పెరుగును. కొన్ని నొప్పి మాత్రలును అట్లే చేయును. చేతులు విపరీతముగా వణకినను, మాట తడబడినను, నడక తూలినను వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. నీరు త్రాగక ఉపవాసముండువారు ముందుగా వైద్యునితో చెప్పవలెను. ఈ సంగతి తెలియకయే ప్రతి సంవత్సరము శ్రమకాలమందు ఉపవాసములు ప్రకటించుచు వచ్చితిమి.

హిజ్కియా కన్నీళ్ల ప్రార్థన విన్న దేవుడే అతని పుండుమీద అంజూరపు పండ్ల ముద్ద కట్టించెనని యెషయా గ్రంథములో ఎన్నిసార్లు చదివితిమో! ఆ ముద్దను తీసివేయుమని ఏ యాజకుడును చెప్పినట్లు అందులో లేదు.

మేము తార్నాక వెళ్లి ఆ చిన్నవానియెదుట మా తప్పు ఒప్పుకొంటిమి. అతడు నవ్వి, కుర్చీలేదని మంచముమీద కూర్చుండబెట్టి, టీ తెప్పించెను. ఇప్పుడు పరీక్షలు వ్రాయుచున్నాడు. కిటికీ గూటిలో బైబిలు ప్రక్కన మాత్రల పెట్టె ఉన్నది. వచ్చే నెల రక్తపరీక్షకు మమ్మును తోడు రమ్మని అడిగెను. తెల్లవారుజామున మొదటి బస్సుకు బయలుదేరుదుమని చెప్పియున్నాము.