వందల ప్రయోగాలు చేశారు... ఒక్క ప్రశ్న అడగలేదు

క్లాసు అయిపోయాక అశోక్‌నగర్ నుంచో చిక్కడపల్లి లైబ్రరీ నుంచో పుస్తకాల కోసం కోఠి వైపు వెళ్తుంటారు కదా! అక్కడి సుల్తాన్ బజార్‌ ఒకప్పుడు రెసిడెన్సీ బజార్. 1933లో బ్రిటిష్‌వాళ్లు నిజాంకు తిరిగిచ్చాకే ఈ పేరొచ్చింది. ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయం ఉన్నచోటే నాటి రెసిడెన్సీ. అక్కడ సర్జన్‌గా పనిచేసిన ఎడ్వర్డ్ లారీ జీవితం పోటీ పరీక్షలు రాసే మీకు ఓ మంచి పాఠం.

లారీ ఎడిన్‌బరోలో చదివారు. గురువు జేమ్స్ సైమ్ పేరున్న సర్జన్. క్లోరోఫాం ఇచ్చేటప్పుడు నాడి కాదు, ఊపిరి చూడాలన్నది గురువు మాట. శిష్యుడు దాన్ని జీవితాంతం వదల్లేదు. 1885లో హైదరాబాద్ వచ్చి, రెసిడెన్సీ సర్జన్‌గా, మెడికల్ స్కూల్ అధిపతిగా పనిచేశారు.

ప్రాణాలతో ముడిపడ్డ వాదన

అప్పటికి క్లోరోఫాం అంటే వరమూ, భయమూ. 1848లో ఇంగ్లండ్‌లో హన్నా గ్రీనర్ అనే 15 ఏళ్ల అమ్మాయి కాలిగోరు తీయించుకోబోయి మత్తులోనే చనిపోయింది. ఇలాంటి చావుల్లో ముందు ఆగేది గుండెా, ఊపిరా? లండన్ డాక్టర్లు గుండె అన్నారు. లారీ ఊపిరే అన్నారు. తేల్చడానికి 1888లో హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్ కుక్కల మీద ప్రయోగాలు చేసి ఊపిరే అని చెప్పింది. లండన్ పత్రిక లాన్సెట్ నమ్మలేదు. అప్పుడు ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ వెయ్యి పౌండ్లిచ్చి, లాన్సెట్ ప్రతినిధినే రప్పించారు. అలా 1889లో వచ్చిన లాడర్ బ్రంటన్‌ది మొదట గుండె పక్షమే. కుక్కలు, కోతులు, మేకలు, గుర్రాలు కలిపి నాలుగు వందలకు పైగా జంతువులపై ప్రయోగాలు చూశాక లారీ వైపు తిరిగారు. ఇంత పెద్ద లెక్క ముందు ఇంకెవరు వాదిస్తారు?

కానీ లారీ చెప్పింది సగమే నిజం. మోతాదు పెంచుతూ పోతే ఊపిరే ముందు ఆగుతుంది, అది సరే. మరి మత్తు తేలిగ్గా ఉన్నప్పుడో? 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లులపై చేసిన ప్రయోగాల్లో అసలు గుట్టు బయటపడింది. తేలికపాటి క్లోరోఫాంకు ఎడ్రినలిన్ తోడైతే గుండె లయ తప్పి ఉన్నట్టుండి ఆగిపోతుంది. భయపడ్డ మనిషి ఒంట్లో ఊరేది ఆ ఎడ్రినలినే. విడివిడిగా తట్టుకునే రెండూ కలిస్తే ప్రాణం తీస్తాయన్నమాట.

రెండూ కలిస్తే లెక్క మారుతుంది

ఇదే సూత్రం అణుబాంబుల తర్వాత మళ్లీ ఎదురైంది. 1952లో అమెరికాలో వెలువడిన ఓ అధ్యయనం చూడండి. ఒళ్లు 20 శాతం కాలిన కుక్కల్లో 12 శాతం చనిపోయాయి. 100 రాంట్‌జన్ల రేడియేషన్ ఒక్కటే తగిలినవి ఏవీ చనిపోలేదు. రెండూ కలిస్తే మరణాలు 73 శాతం! రేడియేషన్ వల్ల మజ్జ దెబ్బతిని తెల్లకణాలు తగ్గుతాయి, కాలిన గాయంలోంచి సూక్ష్మజీవులు లోపలికొస్తాయి. పెన్సిలిన్ ఇస్తే మరణాలు 14 శాతానికి దిగాయి. 12కు సున్నా కలిపితే 73 రాదు కదా! విడివిడి లెక్కలతో కలిసొచ్చే ప్రమాదం అంచనాకు అందదు.

లారీ పట్టుదల ఇంకోచోటా దెబ్బతీసింది. మలేరియాకు పరాన్నజీవి కారణమంటే ఆయన నమ్మలేదు. 1897 ఆగస్టు 20న పక్కనే ఉన్న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దాన్ని దోమ కడుపులో చూపించారు.

అలాగని ఆయన్ని తీసిపారేయకండి. ఊపిరి మీద కన్నేసి ఉంచమన్న మాట చాలామందికి మేలు చేసింది. మత్తు ఇవ్వడంలో తొలితరం మహిళా నిపుణురాలిగా పేరొందిన రూపాబాయి ఫర్దూన్‌జీ ఆయన శిష్యురాలే. ఇవాళ ఆపరేషన్ థియేటర్లో ఊపిరినీ, గుండెనీ రెండింటినీ మెషీన్లు కనిపెడుతుంటాయి.

మీరు వెయ్యి బిట్లు చేసి ఉండొచ్చు. అన్నీ ఒకే రకమైతే రేపు పేపర్లో రెండు టాపిక్‌లు కలిపి అడిగిన ప్రశ్న దగ్గర ఆగిపోతారు. ఎన్ని చేశామన్నది ఒక్కటే కాదు, ఏది చేయకుండా వదిలేశామన్నది కూడా రాసుకోండి. ఈసారి సుల్తాన్ బజార్ వెళ్లినప్పుడు లారీని ఒక్కసారి తలుచుకోండి.