నాణెం ఎగరేసినట్టు

బాబ్ డిలాన్ గురువులా చూసుకున్న పాటగాడు వుడీ గుత్రీ. 1912లో అమెరికాలోని ఓక్లహోమాలో పుట్టాడు. తను ఇంకా చిన్నవాడిగా ఉండగానే వాళ్ళమ్మ మనసూ ఒళ్ళూ రెండూ అదుపు తప్పాయి. పిచ్చాసుపత్రిలో చేర్చారు, 1930లో ఆవిడ చనిపోయింది.

వుడీ గిటార్ పట్టుకుని దేశమంతా తిరిగాడు. కరువుకి ఊళ్ళు వదిలిన వాళ్ళ మీద పాటలు కట్టాడు. నలభై దగ్గరపడేసరికి ఆయనకీ అవే లక్షణాలు. తాగుడు వల్ల అనుకున్నారు. 1952లో అసలు పేరు తెలిసింది: హంటింగ్టన్స్ వ్యాధి. 1967లో, 55 ఏళ్ళకే పోయాడు. తర్వాత ఇద్దరు కూతుళ్ళు కూడా దాంతోనే పోయారు.

మన సీఎస్ భాషలో చెప్తాను. నాలుగో క్రోమోజోమ్‌లోని ఒక జన్యువులో సీఏజీ అనే మూడక్షరాల స్ట్రింగ్ రిపీట్ అవుతుంది. ఆ కౌంట్ 40 లేదా అంతకు మించితే జబ్బు దాదాపు ఖాయం. అమ్మకో నాన్నకో ఉంటే ప్రతి బిడ్డకీ 50 శాతం రిస్కు. ఒకరికి వచ్చిందని ఇంకొకరికి తగ్గదు, ప్రతిసారీ కొత్త టాసే.

విడాకులయ్యాక కూడా వుడీని చూసుకున్న మార్జొరీ, ఇలాంటి కుటుంబాల కోసం 1967లో ఒక సంస్థ పెట్టింది. 1993లో ఆ జన్యువు దొరికింది. టెస్ట్ వచ్చింది, నయం చేసే మందు మాత్రం రాలేదు. అందుకే రక్తం తీసే ముందే కౌన్సెలర్ కూర్చోబెట్టి అడుగుతారు: తెలిశాక ఏం చేస్తారు, ఇంట్లో ఎవరికి చెప్తారు అని. టెస్ట్ వద్దనే హక్కూ ఉంది.

డేటా ఉంటే చూసెయ్యడమే మనకి అలవాటు. ఈ ఒక్క ఫైలు నేనైతే తెరుస్తానా? ఇంకా తేల్చుకోలేదు.